గ్రహణవేళ విజ్ఞానము, విశ్వాసము

గ్రహణం పట్టే రోజున మన దేశంలో కనిపించే దృశ్యం విశిష్టమైనది. సూర్యగ్రహణ స్నానానికి కురుక్షేత్రంలోని సరోవరాల చెంతకు లక్షలాది యాత్రికులు చేరుకుంటారు. తిరుమలలో ఆలయ ద్వారాలు మూసివేస్తారు. అక్కడికి ఎంతో దూరంలో లేని శ్రీకాళహస్తిలో మాత్రం స్వామి సన్నిధి తెరచియే ఉంటుంది. మసీదులలో గ్రహణ సమయానికి విహితమైన ప్రత్యేక నమాజు జరుగుతుంది. తెలుగువారి ఇండ్లలో ఊరగాయ జాడీలపైన, మంచినీళ్ల బిందెలపైన దర్భలు వేస్తారు. పట్టు స్నానం, విడుపు స్నానం చేస్తారు. అదే వేళకు వేధశాలలలో శాస్త్రజ్ఞులు తమ పరికరాలను సిద్ధం చేసుకొని నిరీక్షిస్తుంటారు. యాత్రికునికి, అర్చకునికి, ఇమాముకు, శాస్త్రజ్ఞునికి కూడా గ్రహణ సమయాన్ని తెలిపేది ఒకే గణితం.

ఆ దినాన మరొక దృశ్యం కూడా ఉన్నది. తలుపులు, కిటికీలు మూసిన గదిలో కత్తి పట్టకుండా, సూది ముట్టకుండా, కొన్ని ఇండ్లలో మంచినీరైనా త్రాగకుండా, కదలక మెదలక పడుకొని ఉన్న గర్భవతి దృశ్యమది. ఆమె భయం తన కొరకు కాదు, కడుపులోని బిడ్డ కొరకు. విజ్ఞానశాస్త్రానికి, మతవిశ్వాసానికి గల సంబంధాన్ని గూర్చి విచారించేటప్పుడు ఈ రెండు దృశ్యాలను వేరువేరుగా చూడడం అవసరం. మొదటి దృశ్యంలో విజ్ఞానానికి, విశ్వాసానికి తగవు లేదు. రెండవ దానిలో మాత్రం తగవు ఉన్నది. అది ఎందుకు, ఎక్కడ వచ్చినదో తెలుసుకొనడానికి మన దేశ చరిత్రయే చక్కని పాఠం.

నీడల లెక్క

సూర్యునికి, భూమికి నడుమ చంద్రుడు వచ్చినప్పుడు సూర్యగ్రహణం, చంద్రుడు భూమి నీడలో ప్రవేశించినప్పుడు చంద్రగ్రహణం ఏర్పడతాయి. అందువల్లనే మొదటిది అమావాస్యనాడు, రెండవది పౌర్ణమినాడు మాత్రమే సంభవిస్తాయి. అయితే ప్రతి అమావాస్యకూ, ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు. చంద్రుడు తిరిగే మార్గం సూర్యుని మార్గానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండడమే ఇందుకు కారణం. ఈ రెండు మార్గాలు ఖండించుకొనే బిందువులు రెండు. సూర్యచంద్రులు ఆ బిందువుల సమీపానికి వచ్చిన వేళనే గ్రహణానికి అవకాశం కలుగుతుంది. మన జ్యోతిష గ్రంథాలు రాహువు, కేతువు అనే పేర్లను ఈ రెండు బిందువులకే ఇచ్చినవి. పంచాంగంలో రాహువు స్థానాన్ని గుణించేవారు ఏ దేహాన్నీ గుణించడం లేదు. వారు గుణించేది ఆకాశంలోని ఒక కూడలిని.

ఈ విషయం పాశ్చాత్య విద్యతో పాటు మనకు వచ్చినది కాదు. క్రీ. శ. 476లో జన్మించిన ఆర్యభటుడు 499 నాటి తన ఆర్యభటీయంలో, చంద్రుడు సూర్యుని కప్పుతాడనీ, భూమి మహాచ్ఛాయ చంద్రుని కప్పుతుందనీ స్పష్టంగా ప్రకటించాడు. ఆ నీడ పొడవును, వెడల్పును లెక్కించే విధానాన్ని కూడా బోధించాడు.

ఇద్దరు పండితులు, రెండు మార్గాలు

కాని అప్పటికే జనుల మనస్సులో మరొక కథ స్థిరపడి ఉన్నది. అమృతాన్ని దొంగిలించిన రాక్షసుని తల సూర్యచంద్రులను మ్రింగుతుందనేది ఆ కథ. గ్రహణకాలపు స్నాన దానాలన్నీ ఆ కథతో ముడిపడి ఉన్నవి. గణితం ఒకటి చెప్పగా కథ వేరొకటి చెప్పినప్పుడు పండితుడు ఏమి చేయవలె?

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని రాహుచారాధ్యాయంలో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నాడు. గ్రహణానికి కారణం రాహువు కాదనీ, నీడ మాత్రమే అనీ సహేతుకంగా నిరూపించాడు. రాహువే కారణమైతే సూర్యగ్రహణం ఒక దిక్కునుండి, చంద్రగ్రహణం మరొక దిక్కునుండి ఎందుకు మొదలు కావలెనని ఆయన తర్కం. ఆ తరువాత విశ్వాసానికి ఒక తావు చూపాడు. గ్రహణ సమయంలో జనులిచ్చే దాన హోమాలలో రాహువుకు భాగముండునట్లు బ్రహ్మ వరమిచ్చాడనీ, అందుచేత ఆ వేళ రాహువు సాన్నిధ్యం ఉంటుందనీ సమన్వయించాడు. అనగా కారణం గణితానిది, దానం ఆచారానిది. ఆకాశంలో జరిగేదానిని మార్చి చెప్పకుండానే భక్తుని ఆచారాన్ని ఆయన నిలిపాడు.

బ్రహ్మగుప్తుని మార్గం వేరు. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతాన్ని రచించిన ఈ మహాగణితజ్ఞుడు, రాహువును నిరాకరించిన ఆర్యభటాదులను శ్రుతి స్మృతుల ప్రమాణంతో ఖండించాడు. అయితే గ్రహణాన్ని గుణించవలసి వచ్చినప్పుడు ఆయన కూడా భూచ్ఛాయ ప్రమాణాన్నే గ్రహించాడు. మాటలో ఒక సిద్ధాంతం, లెక్కలో మరొక సిద్ధాంతం!

నాలుగు వందల ఏండ్ల తరువాత, 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గూర్చి బృహద్గ్రంథం రచించిన అల్ బెరూనీ దృష్టిని ఈ వైరుధ్యం ఆకర్షించింది. సంస్కృతం నేర్చి, మన శాస్త్రాలను పండితుల వద్ద చదివిన ఆ ముస్లిం విద్వాంసుడు బ్రహ్మగుప్తుని ప్రతిభను గొప్పగా గౌరవించాడు. అంతటివాడు అంతరాత్మకు విరుద్ధంగా ఎందుకు మాట్లాడవలసి వచ్చినదని ఆవేదన చెందాడు. సోక్రటీసుకు పట్టిన గతి వంటిదేదో ఆయనకు ఎదురై ఉండవచ్చునని ఊహించాడు. అల్ బెరూనీ మత విశ్వాసం లేనివాడు కాడు. ప్రార్థనకు అభిముఖంగా నిలువవలసిన మక్కా దిశను శుద్ధంగా నిర్ణయించే గణితంపై ఆయన స్వయంగా గ్రంథం వ్రాశాడు. విశ్వాసి అయినందువల్లనే విద్వాంసుని అసత్యం ఆయనను బాధించిందనుకొనవచ్చు.

మదీనాలో ఒక గ్రహణం

ఇస్లాం సంప్రదాయంలోనూ ఈ ప్రశ్న ఉదయించిన సందర్భం ఒకటి హదీసులలో నమోదయి ఉన్నది. మహమ్మదు ప్రవక్త కుమారుడు ఇబ్రహీం పసితనంలోనే మదీనాలో మరణించాడు. అదే రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త దుఃఖానికే సూర్యుడు నల్లబడినాడని జనులు చెప్పుకొనసాగారు. ఒక మతస్థాపకునికి ఇంతకంటె అనుకూలమైన వదంతి ఉండదు. కాని ప్రవక్త దానిని అంగీకరించలేదు. సూర్యచంద్రులు దైవసూచనలే కాని, ఏ మనుష్యుని పుట్టుకకో మరణానికో వాటికి గ్రహణం పట్టదని చెప్పి, ఆ వేళ ప్రార్థన, దానధర్మాలు చేయవలసిందిగా ఆదేశించినట్లు ఆ కథనం తెలుపుతున్నది. ఇక్కడ కూడా వరాహమిహిరుడు గీసిన గీతయే కనిపిస్తుంది. ప్రార్థన ఉండవచ్చు, దానం ఉండవచ్చు. ఆకాశంలోని సంఘటనకు లేని కారణాన్ని అంటగట్టడం మాత్రం కూడదు.

భక్తులే పరిశోధకులైన వేళ

ఆచారం గణితాన్ని అణచివేసిందని మాత్రమే చెప్పితే చరిత్రలో సగమే చెప్పినట్లవుతుంది. కర్మను సరియైన సమయంలో చేయవలెననే పట్టుదల గణితాన్ని మెరుగుపరచిన సందర్భాలూ ఉన్నవి. కేరళలో నిళానదీ తీరాన నివసించిన పరమేశ్వరుడు కొన్ని దశాబ్దాలపాటు గ్రహణాలను స్వయంగా పరిశీలించాడు. ప్రాత లెక్కకు, కంటికి కనిపించినదానికి తేడా ఉన్నదని గ్రహించి 1431లో దృగ్గణితమనే సంస్కరణ పద్ధతిని ప్రవేశపెట్టాడు. పేరులోనే దాని సారమున్నది. దృక్కుతో, అనగా చూపుతో సరిపోలినదే గణితం. ఆయన పరంపరకు చెందిన నీలకంఠ సోమయాజి, సిద్ధాంతాలు కాలక్రమాన తప్పిపోవడం సహజమనీ, గ్రహణాది పరిశీలనలతో వాటిని ఎప్పటికప్పుడు సరిదిద్దుకొనవలెననీ జ్యోతిర్మీమాంసలో వాదించాడు. యజ్ఞయాగాదులు నిర్వర్తించే ఆ పండితులకు గ్రంథాన్ని సరిదిద్దడం అపచారంగా తోచలేదు. సరిదిద్దకపోవడమే అపచారంగా తోచింది.

పదునెనిమిదవ శతాబ్దిలో సవాయి జయసింహుడు ఢిల్లీ, జయపురం, ఉజ్జయిని, మథుర, వారణాసి నగరాలలో వేధశాలలు నిర్మించాడు. అశ్వమేధం చేసిన ఆ హిందూ ప్రభువు కొలువులో పండితులు, ముస్లిం ఖగోళజ్ఞులు, జెస్యూట్ ఫాదరీలు కలిసి పనిచేశారు. వారి కృషి ఫలితమైన పట్టికలు పారశీక భాషలో మొగలు చక్రవర్తి మహమ్మదుషా పేర వెలువడినవి. ఐరోపానుండి తెప్పించిన పట్టికలలో కూడా చంద్రుని స్థానం విషయంలోను, గ్రహణ కాలం విషయంలోను తేడాలున్నట్లు వారు కనుగొన్నారు. మూడు మతాలవారు ఒకే ఆకాశాన్ని కొలిచినప్పుడు ఎవరి విశ్వాసమూ మరొకరికి అడ్డు రాలేదు. కొలతకు మతం లేదు.

గుంటూరు ఆకాశం

తెలుగుదేశానికి ఈ చరిత్రలో చిరస్మరణీయమైన స్థానం ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో విడిసి, సూర్యబింబపు అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో పరీక్షించాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో నిలిచాడు. ఆ గ్రహణంలో పరిశీలకులు గుర్తించిన ఒక పసుపుపచ్చని రేఖ అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ చెందనిదని తరువాత తేలింది. దానికి సూర్యుని గ్రీకు నామం మీదుగా హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే ఆ వాయువును భూమిమీదనే కనుగొన్నాడు.

ఆ రోజున వనపర్తిలో గ్రహణాన్ని పరిశీలించిన బృందానికి నాయకుడు చింతామణి రఘునాథాచార్యులు. మద్రాసు వేధశాలలో పనిచేసిన ఈయన 1867లో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నాడు. సంప్రదాయ జ్యోతిషంలోను, ఆధునిక ఖగోళశాస్త్రంలోను సమానమైన ప్రవేశం గల ఆయన దృగ్గణిత పంచాంగాన్ని ప్రకటించాడు. ప్రాత లెక్కలను విడువని పంచాంగకర్తల వ్యతిరేకతను సహించాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగనున్నప్పుడు ఆ విషయాన్ని వివరిస్తూ ఒక చిన్న పుస్తకాన్ని వ్రాసి దేశభాషలలో కూడా వెలువరించాడు. పంచాంగం చేతబట్టిన వ్యక్తియే దూరదర్శినికి కన్ను చేర్చిన ఉదాహరణ ఇది.

విజ్ఞానశాస్త్రం కూడా పొరపడుతుందని ఇక్కడ చెప్పుకొనడం న్యాయం. 1869లో మరొక గ్రహణంలో కనిపించిన ఆకుపచ్చని రేఖను చూచి శాస్త్రజ్ఞులు అది కూడా కొత్త మూలకమేనని భావించి కరోనియం అని పేరు పెట్టారు. అటువంటి మూలకమేదీ లేదు. లక్షల డిగ్రీల వేడిమిలో అనేక ఎలక్ట్రానులను కోల్పోయిన ఇనుమే ఆ కాంతికి మూలమని సుమారు 70 ఏండ్ల తరువాత తేలింది. హీలియం నిలిచింది, కరోనియం పోయింది. విజ్ఞానం గొప్పతనం తప్పు చేయకపోవడంలో లేదు, తప్పు తేలిన వెంటనే దానిని విడిచిపెట్టడంలో ఉన్నది.

గ్రహణ మొర్రి

ఇప్పుడు మొదట చెప్పిన చీకటి గదికి తిరిగి రావలె. పై పెదవి చీలికతో పుట్టిన శిశువు లోపానికి తెలుగులో గ్రహణ మొర్రి అని పేరు. గర్భవతి గ్రహణాన్ని చూచినందువల్లనో, ఆ వేళ ఏదో కోసినందువల్లనో ఈ లోపం కలుగుతుందనే నమ్మకం ఆ పేరులోనే నిక్షిప్తమై ఉన్నది. ఇది ఒక్క మతానికో, ఒక్క ప్రాంతానికో చెందినది కాదు. ఉపఖండంలో హిందూ ముస్లిం కుటుంబాలు రెండింటిలోను ఇది వినవస్తుంది. మనకు ఎన్నో వేల మైళ్ల దూరాన ఉన్న మెక్సికోలో కూడా ఇటువంటి నమ్మకమే ఉన్నది. కాబట్టి దీనిని విమర్శించడం ఏ మతాన్నీ విమర్శించడం కాదు.

వైద్యశాస్త్రం చెప్పేది ఇది. గర్భస్థ శిశువు ముఖం వేరువేరు భాగాలుగా మొదలై క్రమంగా కలుసుకొంటుంది. పెదవి ఏర్పడే పని మొదటి రెండు నెలలలోనే ముగుస్తుంది. అంగిలి కూడే పని మూడవ నెల నాటికి పూర్తి అవుతుంది. ఆ కలయిక ఎక్కడైనా ఆగిపోతే చీలిక మిగిలిపోతుంది. ఇందుకు వంశానుగత లక్షణాలు, తల్లి పొగ త్రాగడం, అదుపులో లేని మధుమేహం, గర్భిణులు వాడరాని కొన్ని మందులు మొదలైనవి దోహదం చేస్తాయి. ఏ ఒక్క కారణమూ స్పష్టంగా కనిపించని సందర్భాలు కూడా అనేకం. ఐదవ నెలలోనో, ఏడవ నెలలోనో ఉన్న గర్భిణిని చీకటి గదిలో ఉంచేనాటికి ఆమె బిడ్డ పెదవి ఏనాడో రూపు దిద్దుకొని ఉంటుంది.

గణితం చెప్పేది కూడా వినదగినది. గ్రహణాలకు అవకాశమిచ్చే ఋతువు సుమారు 173 రోజులకు ఒకసారి తిరిగి వస్తుంది. అటువంటి ప్రతి ఋతువులోను కనీసం ఒక సూర్యగ్రహణం భూమిపై ఎక్కడో ఒకచోట తప్పక కనిపిస్తుంది. గర్భధారణ కాలం సుమారు తొమ్మిది నెలలు. అనగా ఈ భూమిమీద నెలలు నిండి పుట్టిన ప్రతి మనిషీ తల్లి గర్భంలో ఉండగా కనీసం ఒక గ్రహణం గడిచియే ఉంటుంది. లోపంతో పుట్టిన బిడ్డను చూచి వెనుకకు లెక్కించి పంచాంగం తిరగవేస్తే ఒక గ్రహణం దొరకకుండా ఉండదు. ఏ లోపమూ లేకుండా పుట్టిన కోట్లాది బిడ్డల విషయంలో మాత్రం ఎవరూ పంచాంగం తిరగవేయరు. నమ్మకం నిలిచి ఉండడానికి రహస్యం ఇదే.

ఈ నమ్మకం వల్ల నష్టపోయేది తల్లి. బిడ్డకు పెదవి చీలితే నింద ఆమె మీద పడుతుంది. గ్రహణంనాడు ఎందుకు బయటికి వచ్చావని ఇంటివారు అడుగుతారు. ఆమె రాలేదని చెప్పినా వినరు. చివరకు ఆమెయే తన తప్పు ఏదో ఉండవచ్చునని నమ్మసాగుతుంది. రెండవ నష్టం బిడ్డకు. విధివ్రాత అని భావించినచోట చికిత్స ఆలస్యమవుతుంది. నిజానికి పెదవి చీలికను పుట్టిన కొద్ది నెలలలోనే, అంగిలి చీలికను సాధారణంగా ఏడాదిన్నర లోపుననే శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. చిన్నపిల్లల ఆరోగ్య పరీక్షకై 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపం కూడా చేరి ఉన్నది.

గ్రహణవేళ వహించవలసిన నిజమైన జాగ్రత్త వేరొకటి ఉన్నది. అది గర్భిణులకే కాదు, అందరికీ వర్తిస్తుంది. పాక్షిక గ్రహణంలో మిగిలిన సూర్యుని అంచును నేరుగా చూడరాదు. కంటిలోని రెటీనాకు నొప్పి తెలియదు. అందువల్ల కన్ను కాలినట్లు ఆ క్షణాన తెలియదు. నల్లటి గాజుముక్క, ఎక్సురే ఫిల్ము, నీటిలోని ప్రతిబింబం క్షేమకరం కావు. అందుకై తయారైన ప్రత్యేక కళ్లద్దాలతోగాని, అట్టముక్కకు చేసిన సన్నని రంధ్రం గుండా గోడమీద పడే బింబాన్నిగాని చూడవలె. గ్రహణకాలంలో సూర్యునినుండి కొత్త కిరణాలేవీ వెలువడవు. వండిన అన్నానికి, త్రాగే నీటికి ఏ దోషమూ కలగదు. ఉపవాసం స్వచ్ఛందమైన వ్రతం. గర్భిణులకు, మధుమేహ రోగులకు, పసిబిడ్డలకు దానిని విధించడం వ్రతం కాదు.

రాజ్యాంగం చూపిన దారి

భారత రాజ్యాంగం ఈ ప్రశ్నపై మౌనం వహించలేదు. 25వ అధికరణం ప్రతి వ్యక్తికీ అంతరాత్మ స్వాతంత్ర్యాన్ని, తన మతాన్ని అవలంబించే హక్కును ఇచ్చింది. అయితే ఆ హక్కు ప్రజారోగ్యానికి, శాంతిభద్రతలకు, నైతికతకు లోబడినదని కూడా పేర్కొన్నది. 42వ సవరణ ద్వారా చేరి 1977 జనవరి 3న అమలులోకి వచ్చిన 51ఏ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను తెలిపింది. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకొనడం వాటిలో ఒకటి. మత, భాషా, ప్రాంతీయ భేదాలకు అతీతంగా సామరస్యాన్ని పెంపొందించడం, స్త్రీల గౌరవానికి భంగకరమైన ఆచారాలను విడనాడడం మరొకటి. ఈ రెండు విధులను ప్రక్కప్రక్కనే చదువుకొన్నప్పుడు గ్రహణంనాటి చీకటి గది తలుపు తెరవడం రెండింటిని ఒకేసారి నెరవేర్చడమని బోధపడుతుంది.

యాత్రికుడు స్నానం చేయడాన్ని, నమాజీ ప్రార్థించడాన్ని విజ్ఞానం ఆక్షేపించదు. ఆ పనులకు అర్థమున్నదా లేదా అని నిర్ణయించే పరికరం ఏ వేధశాలలోనూ లేదు. కాని నిరపరాధియైన తల్లిపై నేరం మోపే మాట వచ్చినప్పుడు అది విశ్వాసం కాదు, సాక్ష్యం లేని ఆరోపణ. సాక్ష్యాన్ని అడిగే హక్కు ఎవరికైనా ఉన్నది. ఆ హక్కును వినియోగించుకొన్న పండితులు, ప్రవక్తలు, ప్రభువులు మన సంప్రదాయాలన్నింటిలోను ఉన్నారు.

1980 ఫిబ్రవరి 16న కర్ణాటక తీరంనుండి హైదరాబాదు సమీపంలోని జపాల్ రంగాపురం మీదుగా ఒడిశా వరకు సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించినప్పుడు ఎన్నో వీధులు నిర్మానుష్యమైనవి. 2034 మార్చి 20న సంపూర్ణ గ్రహణపు నీడ మన దేశపు ఉత్తర కొసను తాకనున్నది. దాని ఘడియలు ఈనాడే లెక్కించి ఉన్నవి. ఆ దినాన ఎందరు వీధిలోకి వచ్చి క్షేమంగా ఆకాశాన్ని చూస్తారు, ఎందరు గర్భిణులు భయం లేకుండా అన్నం తింటారు అనే విషయాన్ని మాత్రం ఏ గణితమూ ముందుగా చెప్పలేదు. అది ఇంటింటా పెద్దలు చెప్పే మాటపైన, పాఠశాలలో ఉపాధ్యాయులు చూపే శ్రద్ధపైన ఆధారపడి ఉన్నది.